వంటింటి కింద చెవి

ఆయన్ని ఊళ్ళో అందరూ చెవులాయన అనేవారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవరినో అనుకుని తల తిప్పేవాడు కాదు. నీటి సరఫరా ఆఫీసులో ఆయన ఉద్యోగం, భూమి కింద గొట్టాలు ఎక్కడ కారుతున్నాయో విని చెప్పడం. చేతిలో మనిషెత్తు ఇనప కడ్డీ, దాని పై కొసన గట్టి చెక్కతో తొలిచిన చిన్న గిన్నె. కడ్డీ మొన నేలకానించి, గిన్నె చెవికానించి, కళ్ళు మూసుకుని రోడ్డు మధ్య నిలబడిపోయేవాడు. కొత్తవాళ్ళు చూస్తే నిలబడి నిద్రపోతున్నాడనుకునేవాళ్ళు.

పని ఎవరూ నేర్పలేదు. చేరిన కొత్తలో అందరూ గుంతలు తవ్వి వెతికేవాళ్ళు, ఈయనా తవ్వాడు. ఒకసారి గడ్డపార నేలలో గుచ్చి, అలిసిపోయి దానిమీద తల ఆనిస్తే లోపల ఏదో బుసకొట్టినట్టు వినిపించింది. అక్కడ తవ్వితే నీళ్ళు. ఆ రోజునుంచి గడ్డపార వదిలి కడ్డీ పట్టాడు. సన్న గొట్టం పగిలితే పిల్లి కోపమొచ్చినట్టు ఉంటుందని, పెద్ద గొట్టం పగిలితే పొయ్యి మీద ఎసరు కాగినట్టు ఉంటుందని, వాల్వు సగం మూసి ఉంటే పళ్ళు నూరినట్టు ఉంటుందని తనకు తానే తెలుసుకున్నాడు. తప్పు తవ్వి తిట్లు తిన్నాడు, మళ్ళీ విన్నాడు. చివరికి ఒక్క సూత్రం మిగిలింది. చప్పుడు ఎక్కడ అన్నిటికంటే పెద్దదో, లీకు అక్కడే.

"నేను పక్కగదిలోంచి కేకేస్తే వినపడదు. నేల కింద ఎవరో పిలిస్తే మాత్రం ఉరుక్కుంటూ పోతారు" అనేది ఆయన భార్య. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ సూత్రం ఆయన్ని మోసం చేసింది ఒక్కసారే. అదీ సొంత చెల్లెలి వంటింట్లో.

చెల్లెలి ఇల్లు పాత కోటగోడ పక్కన ఉన్న వరసలో ఉంది. ఒకప్పుడు గోడ చుట్టూ కందకం ఉండేదట. దాన్ని పూడ్చేశాక ఆ మట్టి మీద ఇళ్ళు లేచాయి. చెల్లెలు పరుపులు, బొంతలు కుడుతుంది. ముందుగదంతా దూది మూటలే. గుమ్మంలో కాలు పెట్టినవాడికి ముక్కులో దురద పుట్టాల్సిందే. ఈయనకంటే వయసులో చిన్నవాడైన ఆమె భర్త ఊరి బస్సు నడుపుతాడు. ఈయనా ఆయనా ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు, కనిపించినప్పుడల్లా ఒకరి మీద ఒకరు జోకులు వేసుకుంటారు.

ఆ ఏడాది ఎండలు ముదిరిన రోజుల్లో చెల్లెలి ఇంటి వెనక గోడ కింద తడి చేరింది. తర్వాత గోడలో సన్నగా చీలిక కనిపించింది. ఆ తర్వాత పెరటి నేల ఒకచోట అరచేయంత మేర దిగింది. ఆఫీసునుంచి ఇంజనీరమ్మ వచ్చి చూసింది. చిన్న వయసు, తక్కువ మాట. దిగిన నేల దగ్గర గొంతుకూర్చుని మట్టి నలిపి చూసింది.

"బాబాయ్ గారూ, నీళ్ళు కింది మట్టిని కోసేస్తున్నాయి. ఎక్కడినుంచో తెలియాలి. ఆదివారంలోపు దొరక్కపోతే ఈ వరస ఖాళీ చేయించక తప్పదు. ఆ కోటగోడ ఒరిగిందంటే ఇళ్ళన్నీ దాని కిందే."

"ఖాళీ చేస్తే మళ్ళీ రానిస్తారా?" అంది చెల్లెలు.

ఇంజనీరమ్మ అబద్ధం చెప్పలేదు. "చెప్పలేనమ్మా" అంది.

చెల్లెలు అన్న వైపు చూసింది. ఆ చూపు చాలు.

మర్నాడు తెల్లవారుజామున, ఊరు లేవకముందే, చెవులాయన వరసంతా కడ్డీ వేసుకుంటూ వచ్చాడు. వీధిలో సన్నగా వినిపించింది. పెరట్లో కాస్త పెద్దగా. వంటింట్లో పొయ్యి పక్కన ఒక నల్లరాతి పలక ఉంది. ఇల్లు కట్టినప్పుడు నేలలోంచి పైకి తేలి ఉంటే పీకలేక దాన్నలాగే నేలలో కలిపేశారు. దానిమీద కడ్డీ పెట్టగానే ఆయన చెవి వెనక్కి లాక్కున్నాడు. గిన్నెలో ఎవరో ఎసరు పెట్టి ఊదినంత చప్పుడు. అంత స్పష్టంగా ఆయన తన ఉద్యోగంలో ఎప్పుడూ వినలేదు.

"పొయ్యి వరండాలోకి మార్చుకో" అన్నాడు.

"ఖాయమేనా అన్నయ్యా?"

"ఇంతకంటే ఖాయం ఉండదు."

పలక పక్కనుంచి తవ్వడం మొదలైంది. గచ్చు పోయింది, గచ్చు కింది కంకర పోయింది, కందకం పూడ్చిన మట్టి వచ్చింది. కుండపెంకులు వచ్చాయి, విరిగిన గాజు వచ్చింది, ఏ కాలానిదో ఒక చెప్పు అట్ట వచ్చింది. నీళ్ళు మాత్రం రాలేదు. నడుం లోతు దిగాక గడ్డపార ఠంగుమంది. కింద బండ. మట్టి పిడికెడు తీసి పిండితే దుమ్ములా రాలింది.

ఇంజనీరమ్మ గుంత అంచున నిలబడి చాలాసేపు చూసింది. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "బాబాయ్ గారూ, చప్పుడు ఇక్కడుంది సరే. తడేది?"

ఆయన ఇంకో పిడికెడు మట్టి తీసి పిండాడు.

బావ డ్యూటీ దిగి వచ్చి గుంతలోకి తొంగి చూశాడు. "ఇంకాస్త వెడల్పు చెయ్యి బావా. రాత్రిళ్ళు బస్సు ఇక్కడే పెట్టుకుంటాను."

"ఊరుకోండి మీరు" అని భర్తని కసిరి, చెల్లెలు అన్నవైపు తిరిగింది. "నా వంటింట్లో బావి తవ్వి పెట్టావు. నీళ్ళొక్కటే తక్కువ."

ఆమె నవ్వలేదు. వరండాలో ఇటుకల పొయ్యి ముందు కూర్చుని, గాలికి మంట ఇటూ అటూ పోతుంటే అట్టముక్క అడ్డం పెట్టుకుని వండింది. ఆ వంట ఆయన తల వంచుకుని తిన్నాడు.

తినడం అయ్యాక మళ్ళీ గుంతలో దిగాడు. ఈసారి వినడానికి కాదు, చూడడానికి. అడుగున తగిలిన బండను చేత్తో తుడిచాడు. అది చదునుగా లేదు. మధ్యలో ఉబ్బి రెండు పక్కలకీ వంగుతోంది. చీపురుతో ఊడిస్తే రాతికీ రాతికీ మధ్య సున్నం అతుకులు బయటపడ్డాయి. దేవుడు పెట్టిన బండకు అతుకులుండవు. ఎవరో పేర్చిన రాళ్ళివి.

కోట గుమ్మం దగ్గర టికెట్లిచ్చే పెద్దాయన ఒకప్పుడు సైన్యంలో వంతెనలు కట్టే దళంలో పనిచేశాడు. అందరూ సిపాయి అంటారు. ఎవరడిగినా అడక్కపోయినా కోట గురించి చెబుతాడు కాబట్టి చాలామంది ఆయన కంటబడకుండా తప్పుకుంటారు. చెవులాయన కూడా ఇన్నాళ్ళూ తప్పుకున్నవాడే. ఆ రోజు తనే వెళ్ళి పిలుచుకొచ్చాడు.

సిపాయి గుంతలో దిగి చేతికర్రతో రాళ్ళను తట్టాడు. డొల్లగా మోగింది.

"ఇది నేల కాదయ్యా, పైకప్పు. నువ్వు ఇంకొకడి గది నెత్తిమీద నిలబడ్డావు."

"ఎవడి గది?"

"నీలాంటివాడిదే. చెవి పెట్టి కూర్చునేవాడిది."

సిపాయి గుంత అంచున కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. ఈసారి ఎవరూ లేచి వెళ్ళలేదు. పాతకాలంలో కోటగోడలు ఎత్తుగా కట్టేవారట, నిచ్చెన అందకూడదని. ఫిరంగులొచ్చాక ఎత్తు గోడ పెద్ద గురి అయిపోయింది. దాంతో గోడలు పొట్టిగా లావుగా మారాయి, రెండు రాతివరసల మధ్య మట్టి కూరారు, గుండు వచ్చి మట్టిలో దిగబడిపోవాలని. గుండ్రటి బురుజుల ముందు పైన ఉన్న కాపలావాడి కంటికి ఆనని మూల ఒకటి ఉండిపోతుందని, మొన తేలిన బురుజులు కట్టారు. ఇక పైనుంచి లాభం లేదని ముట్టడించినవాళ్ళు నేలకింద దిగారు. గోడ కిందిదాకా సొరంగం తవ్వి, పైన కూలకుండా దుంగలు నిలబెట్టి, చివరికి ఆ దుంగలకే నిప్పు పెట్టేవారు. దుంగలు కాలితే గోడ కూర్చునేది. తుపాకిమందు వచ్చాక దుంగల అవసరం కూడా పోయింది.

"మరి లోపలివాళ్ళు ఊరుకునేవాళ్ళా?" అన్నాడు చెవులాయన.

"వాళ్ళూ తవ్వారు. గోడ వెనకాలే ఒక సొరంగం, దాన్నుంచి బయటికి, కందకం కిందుగా చేతివేళ్ళలా పాయలు. ప్రతి పాయ కొసనా ఒకడు కూర్చునేవాడు. డోలు మీద శనగలు పోసి పెట్టుకునేవాడు, లేకపోతే గిన్నెలో నీళ్ళు. శత్రువు గునపం పడితే శనగలు ఎగురుతాయి, నీళ్ళు వణుకుతాయి. ఎటునుంచో కనిపెట్టి వీళ్ళు ఎదురు తవ్వేవాళ్ళు."

చెవులాయన కడ్డీని ఒకసారి చేతిలో తిప్పి చూసుకున్నాడు. "శత్రువు చప్పుడు చెయ్యకుండా తవ్వితే?"

"అంతకంటే తెలివిగా చేసేవాళ్ళు. ఒకచోట కావాలని దబదబా బాదేవాళ్ళు, ఇంకోచోట మెత్తగా తవ్వేవాళ్ళు."

"అలాంటప్పుడు వినేవాడికి ఎలా తెలిసేది?"

"నన్నడిగితే ఎలా? అది వాడి పని, నీ పని. నేను వంతెనలవాణ్ణి."

మొత్తంమీద ఒక సంగతి చెవులాయనకు అర్థమైంది. మామూలు నేలలో చప్పుడు పెద్దగా ఉన్నచోట లీకు ఉంటుంది. ఇక్కడి నేల మామూలుది కాదు. దూరాన ఉన్న చప్పుణ్ణి పట్టి మనిషి చెవిదాకా తెచ్చి వదలడానికే దీన్ని కట్టారు. ఆ నల్ల పలక గాలిగొట్టం మీది మూత అయి ఉంటుందని సిపాయి అన్నాడు. అంటే ఆయన లీకును పట్టుకోలేదు. ఏనాడో పోయిన ఒక వినికిడివాడి కుర్చీని పట్టుకున్నాడు.

కోటగోడ లోపలివైపు అడుగున, ఆ సొరంగంలోకి దిగడానికి, తుప్పు పట్టిన ఇనప తలుపు ఒకటుంది. సిపాయి తాళం తీశాక ఇంజనీరమ్మ ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. "పూటంతా తెరిచి ఉంచండి. గాలి మారాలి. పాయల్లోకి మాత్రం ఎవరూ దూరడానికి వీల్లేదు, పైకప్పు నాకు నమ్మకం లేదు" అంది. సిపాయి ఆమెను మెచ్చుకోలుగా చూశాడు. సొరంగాల దగ్గర తొందరపడేవాళ్ళను ఆయన కొందర్ని ఎరుగును, వాళ్ళలో ఇప్పుడు ఉన్నవాళ్ళు తక్కువ.

మర్నాడు మధ్యాహ్నం దీపాలు పట్టుకుని దిగారు. ఒక మనిషి తల వంచకుండా నడవగలిగినంత సొరంగం. పాదాలు మునిగే నీళ్ళు. గోడలో దీపాలు పెట్టుకునే గూళ్ళు, వాటిపైన ఇంకా మసి. ఎడమచేతి పక్కన వరసగా పాయల నోళ్ళు, ఒక్కొక్కటీ పాకితే తప్ప పట్టనంత చిన్నవి, దీపం వెలుగు అందనంత దూరం తిన్నగా పోయి చీకట్లో కలిసిపోయాయి. ఏ పాయలోనో నీళ్ళు పడుతున్నాయి. ఆ చప్పుడు సొరంగమంతా నిండిపోయి ఉంది. ఏ నోటి దగ్గర నిలబడినా అందులోంచే వస్తున్నట్టు ఉంది. కడ్డీ పెట్టి చూశాడు. అన్నిచోట్లా ఒకటే మోత.

ఇంజనీరమ్మ కాగితం చింపి నీళ్ళమీద వేసింది, ఎటునుంచి పారుతున్నాయో చూద్దామని. ముక్క ఉన్నచోటే గుండ్రంగా తిరిగి నిలిచిపోయింది. నీళ్ళు పోయే తూము ఎక్కడో పూడుకుపోయింది. ఇది పారే నీరు కాదు, నిలవ నీరు. అదే ఊరి ఊరి చెల్లెలి గోడ కిందికి పోతోంది.

"పైన వీధంతా వరసగా తవ్వుకుంటూ పోతే?" అన్నాడు సిపాయి.

"ఆదివారంలోపు కాదు" అంది ఇంజనీరమ్మ.

చెవులాయన పైకొచ్చి చెల్లెలి ఇంటికెళ్ళాడు. ఆమె ముందుగదిలో బారు సూదితో బొంత కుడుతోంది. మూటలు సగం కట్టేసి ఉన్నాయి. ఇల్లు వదలాల్సి వస్తే ముందు ఏవి తీసుకుపోవాలో ఆమె అప్పటికే విడదీసి పెట్టింది. ఆయన చూడనట్టు కూర్చున్నాడు.

లోపలి గదిలో బావ పొద్దుటి డ్యూటీ చేసొచ్చి నిద్రపోతున్నాడు. ఆ గది గుమ్మానికి మందపాటి బొంత వేలాడుతోంది. చెల్లెలు దారపు ఉండ కోసం బొంత ఎత్తి లోపలికి వెళ్ళింది. గురక ఒక్కసారి మీదపడింది. ఆమె బయటికొచ్చి బొంత వదిలేసింది. గురక చచ్చిపోయింది.

చెవులాయన తలెత్తాడు. "ఆ బొంత ఎందుకు కట్టావే?"

"ఎందుకేంటి, మీ బావ సంగీతానికి. ఈ ఇళ్ళన్నీ ఒకే గోడ. ఎవరింట్లోంచి వస్తుందో తెలియక పక్కావిడ పాపం వాళ్ళాయన్ని లేపి తిడుతోంది. బొంత కట్టిన రోజున ఆగిపోయింది కదా, అప్పటికి గాని దొంగ ఎవరో తెలీలేదు."

ఆయన లేచి వెళ్ళి బొంత ఎత్తాడు, దించాడు. మళ్ళీ ఎత్తాడు, దించాడు.

"ఏంటన్నయ్యా ఆ ఆటలు?"

"నీ దగ్గర ఇలాంటివి ఎన్నున్నాయి?"

"ఉన్నాయి, బేరం వాళ్ళు రేపు పట్టుకుపోయేవి." ఆమె సూది ఆపి అన్న మొహం చూసింది. "ఎక్కడ కట్టాలి?"

చెప్పాడు. ఆమె దారం పళ్ళతో తెంపి లేచింది. "తడిపితే కొత్తవి నువ్వే కూర్చుని కుట్టాలి. ఇంకోమాట, వేరేవాళ్ళు చెయ్యి పెట్టడానికి వీల్లేదు. బొంత కట్టడం మీకెవరికీ రాదు."

చీర కుచ్చిళ్ళు దోపుకుని ఆమె సొరంగంలోకి దిగింది. తాడు ఎక్కడ కట్టాలా అని దీపం ఎత్తి చూస్తే పాయ నోటికి రెండు పక్కలా రాతిలో తొలిచిన కొక్కేలున్నాయి. ప్రతి నోటికీ ఉన్నాయి.

"దీపాలు తగిలించుకునేవి" అన్నాడు సిపాయి.

"దీపాల గూళ్ళు వేరే ఉన్నాయి కదా బాబాయ్. అదీకాక, దీపానికి ఒక కొక్కెం చాలు. ఇటొకటి అటొకటి ఎందుకు? తెర కట్టుకోడానికి."

సిపాయి ఆ కొక్కేలను ఎన్నోసార్లు చూసినవాడే. ఇప్పుడు దగ్గరికొచ్చి వేలు పెట్టి తడిమాడు. "ఏమోనమ్మా. ఎక్కడా చదవలేదు. కాదని మాత్రం చెప్పలేను" అన్నాడు.

చెవులాయన సొరంగం నడుమ, కడ్డీ లేకుండా, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. చెల్లెలు మొదటి పాయకు బొంత కట్టింది. మోత మోతలాగే ఉంది. విప్పి రెండోదానికి కట్టింది. తేడా లేదు. తర్వాతదానికి కడుతుంటే ఆయన చెయ్యెత్తబోయి ఆగాడు. ఆశపడి వింటే లేనిది వినిపిస్తుందని ఆయనకు తెలుసు. ఒక వంటింటి గచ్చు ఇప్పటికే ఆ లెక్కన పోయింది. ఆమె ఇంకో పాయకు కదిలింది. బొంత పై అంచు బిగించి, కింది అంచు నీళ్ళు తగలకుండా మడిచి, పక్కలు రాతికి నొక్కింది.

చప్పుడు కుంగిపోయింది. నాలుగు గోడల్లోంచీ వస్తున్న మోత ఒక్క మూలకు పోయి ముడుచుకున్నట్టయింది.

"విప్పు" అన్నాడు. మోత తిరిగొచ్చింది. "కట్టు." పోయింది. "ఇప్పుడు నాకు చెప్పకుండా నీ ఇష్టం వచ్చినప్పుడు విప్పు." ఆమె ఆలస్యం చేసి విప్పింది. ఆయన అదే క్షణంలో తల ఊపాడు. ఇంజనీరమ్మను కూడా కళ్ళు మూసుకోమన్నాడు. ఆమెకూ తెలిసింది.

ఆ పాయ ఎటు పోతోందో ఇంజనీరమ్మ దిక్సూచితో చూసుకుని, పైకొచ్చి వీధిలో తాడు పరిచింది. తాడు వరస దాటి, రోడ్డు దాటి, తిన్నగా బస్సులు ఆగే చోటికి పోయింది. పెద్ద గొట్టం సరిగ్గా ఆ కిందనుంచే వెళుతుంది. అక్కడ చెవులాయన ఎప్పుడూ వినలేదు. తెల్లవారుజామునుంచి ఇంజన్లు ఆడుతూ ఉండేచోట కడ్డీ పెట్టి లాభం లేదని వదిలేసేవాడు.

మర్నాడు శనివారం. మొదటి బస్సు బావదే. ఇంజనీరమ్మ చెప్పగా ఆయన ఇంజను ఆపి, వెనక వచ్చినవాళ్ళందరి చేతా ఆపించి, కిందికి దిగి నిలబడ్డాడు. ఊరిలో అంత నిశ్శబ్దం ఆ చోట ఎన్నాళ్ళనుంచీ లేదు. చెవులాయన కడ్డీ ఆనించాడు. గిన్నె ఇంజనీరమ్మ చెవికి పెట్టాడు.

"ఎసరు" అంది ఆమె.

"తవ్వమంటారా?"

"మీరు చెప్పండి బాబాయ్ గారూ."

ఆయన చెల్లెలి ఇంటివైపు ఒకసారి చూశాడు. "తవ్వండి" అన్నాడు.

మొదటి పారకే మట్టి నల్లగా వచ్చింది. కాసేపటికి పారకు అంటుకుంది. ఇంకాసేపటికి నీళ్ళు పొంగి తవ్వేవాళ్ళ మోకాళ్ళు తడిశాయి. రోజూ పడే బస్సుల బరువుకు గొట్టం అతుకు విడిపోయి ఉంది.

"నా చెల్లెలి ఇంటి కింద నీళ్ళు పెట్టింది నువ్వేనన్నమాట" అన్నాడు చెవులాయన.

"నేనొక్కణ్ణేనా, డిపో అంతా ఉంది" అన్నాడు బావ. "అయినా ఇంట్లో గురకకీ, బయట బస్సుకీ నన్నే పట్టుకుంటే ఎలా బావా?"

గొట్టం బాగుపడింది. ఆ తర్వాత కోట చూసుకునే ఆఫీసువాళ్ళు పూడిన తూము తెరిపించారు. సొరంగంలో నీళ్ళు మెల్లగా దిగిపోయాయి. చీలిక ఇంకా పెరుగుతుందేమో తెలియాలని ఇంజనీరమ్మ దానిమీద అడ్డంగా గాజుపలక అతికించి వెళ్ళింది. పలక పగల్లేదు. ఖాళీ చేయమన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. చెల్లెలు కట్టిన మూటలు తనే విప్పుకుంది.

గుంత పూడ్చి గచ్చు చేసింది చెవులాయనే. తాపీ ఆయన పని కాదు, ఒక మూల ఎత్తు వచ్చింది. అక్కడ గిన్నె పెడితే ఇప్పటికీ ఊగుతుంది. నల్ల పలకను మాత్రం చెల్లెలు కప్పనివ్వలేదు. ఆయన తన పాత కడ్డీ తెచ్చి ఆ పలక పక్కన గోడకు ఆనించాడు.

"ఇదెందుకు నాకు?"

"మళ్ళీ ఎప్పుడైనా చప్పుడొస్తే వినిపిస్తుందని."

ఆమె కడ్డీ మొన పలకకానించి, గిన్నె చెవికి పెట్టుకుంది. మొదట ఏమీ లేదన్నట్టు పెదవి విరిచింది. తర్వాత చెయ్యి ఎత్తి అన్నను ఆగమంది. ఇంజనీరమ్మ తాడు పరిచిన దారినే, పాయ వెంట, కందకం కిందినుంచి ఏదో చిన్నగా గుడగుడమంటోంది. ఆగింది. ఓ దగ్గు దగ్గి ఆరిపోయింది.

కడ్డీ గోడకు పెట్టేసి ఆమె పొయ్యి వైపు తిరిగింది.

"మీ బావ బస్సు దిగాడు" అంది. "కూర వేడి చేస్తా, నువ్వూ తిని వెళ్ళు."